రాసి ఉన్నదే చదవాలి
(అయోర్టిక్ వాల్వ్ ఆపరేషన్, దాని కోడింగ్ గురించి చేసిన స్మారకోపన్యాసం పాఠం)

మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద పెద్దక్షరాల్లో ఉంది. నేను మాత్రం ఉపన్యాసం పొడుగునా మాస్టారు అనే అంటాను. ఆయన్ని పేరు పెట్టి ప్రస్తావించే అలవాటు శిష్యుల్లో ఎవరికీ లేదు. ఇవాళ కొత్తగా మొదలుపెడితే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

గుండె ఆపరేషన్ బిల్లుల మీద మాట్లాడమని కమిటీవారు అడిగారు. హాల్లో సగంమంది కోడర్లు, సగంమంది వాళ్ల ఇళ్లవాళ్లు. "మావాడు రాత్రంతా కూర్చుని అమెరికా ఆస్పత్రుల బిల్లులు వేస్తాడు" అని ఇళ్లలో అనుకునే మాట నాకు తెలుసు. ఆ మాట సరికాదని చెప్పడానికే వచ్చాను. మనం బిల్లులు వేయం, చదువుతాం. సర్జన్ రాసిన ఆపరేషన్ రిపోర్టు, అంటే మనం ఆప్ నోట్ అనేది, చదివి అందులో ఏం జరిగిందని ఉందో అంతవరకే సాక్ష్యం చెబుతాం. ధర కట్టేవాళ్లు వేరే ఉన్నారు. ఇది చూపించడానికి ఒకే ఒక్క ఆపరేషన్ తీసుకుంటాను: ఛాతీ తెరిచి, గుండె ఆపి, అయోర్టిక్ వాల్వ్ మార్చడం.

మాస్టారు ఏళ్ల తరబడి ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పారు. అక్కడ బయాలజీ సెక్షన్లు ఒక్కొక్కటీ మూతపడుతుంటే అమీర్‌పేట వచ్చి మెడికల్ కోడింగ్ పాఠాలు మొదలుపెట్టారు. జావా, శాప్, ఒరాకిల్ బోర్డుల మధ్య మూడో అంతస్తులో ఇరుకు గది. మెట్ల మీద ఎప్పుడూ జనం. బీఎస్సీ జువాలజీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ చదివి ఉద్యోగం దొరకని పిల్లలు అక్కడికి చేరేవాళ్లు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

గుండె పాఠం ఉన్న రోజు ఆయన పొద్దున్నే మటన్ కొట్టుకి వెళ్లి మేక గుండె తెచ్చేవారు. ముక్కలు కొట్టొద్దని, పైన గొట్టాలు కాస్త పొడుగ్గా ఉంచి కోయమని ముందురోజే చెప్పిపెట్టేవారట. దాన్ని స్టీలు ట్రేలో పెట్టి, అయోర్టాని కత్తెరతో నిలువునా చీల్చి, వేళ్లతో విప్పి చూపించేవారు. లోపల మూడు పల్చటి రేకులు. ఒక్కో రేకు వెనక ఒక్కో చిన్న సంచి. రెండు సంచుల్లోంచి రెండు రంధ్రాలు, గుండె కండరానికే రక్తం పంపే కరోనరీ ధమనులు బయల్దేరే చోట్లు. మూడో సంచిలో రంధ్రం లేదు. "దీన్ని నాన్‌కరోనరీ సైనస్ అంటారు. పరీక్షలో రాదు. ఉద్యోగంలో వస్తుంది" అనేవారు. ఏసీ గదిలో వాసన పోవట్లేదని ఇన్‌స్టిట్యూట్ యజమాని ఒకసారి వచ్చి, "సార్, పీపీటీలో చూపించొచ్చు కదా" అన్నాడు. "పీపీటీలో వేలు పెట్టి చూడలేం కదండీ" అన్నారు మాస్టారు, చెయ్యి తుడుచుకుంటూ.

ఆ మూడో సంచి సంగతి కాసేపట్లో వస్తుంది. ముందు జబ్బు.

అయోర్టిక్ వాల్వ్ ఎడమ జఠరికకీ అయోర్టాకీ మధ్య తలుపు. అది బిగుసుకుపోతే స్టెనోసిస్, సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారితే రిగర్జిటేషన్. అమెరికాలో ఈ ఆపరేషన్‌కి వచ్చేవాళ్లలో పెద్దవయసువాళ్లు ఎక్కువ. ఏళ్ల తరబడి రేకుల మీద కాల్షియం పేరుకుని, మెత్తగా ఊగవలసినవి రాయిలా గట్టిపడతాయి. కాస్త చిన్న వయసులో వచ్చేవాళ్లలో పుట్టుకతోనే మూడు రేకులకు బదులు రెండే ఉన్నవాళ్లు చాలామంది. మన దగ్గర ఇంకో దారి కూడా ఉంది: చిన్నప్పుడు వచ్చిన గొంతునొప్పి, దాని వెంట రుమాటిక్ జ్వరమనే కీళ్లవాతం, అది పాడుచేసిన వాల్వ్. పేద ఇళ్ల పిల్లల జబ్బు అది.

జబ్బుల కోడ్లుండే ఐసీడీ-10 పుస్తకం ఈ తేడాని గట్టిగా పట్టించుకుంటుంది. అయోర్టిక్ స్టెనోసిస్ అని మాత్రమే రాసి కారణం రాయకపోతే ఐ35.0. అంటే రుమాటిక్ కాదని పుస్తకమే అనుకుంటుంది. పక్కనే ఉన్న మైట్రల్ వాల్వ్‌కి మాత్రం ఇదే స్టెనోసిస్ కారణం లేకుండా రాస్తే ఐ05.0, అంటే రుమాటిక్ అనే అనుకుంటుంది. రెండు వాల్వులూ కలిసి పాడైతే, కారణం రాయకపోతే, ఐ08 కిందికి వెళ్తుంది, అదీ రుమాటిక్ గుంపే. కొత్తగా చేరినవాళ్లు దీన్ని చూసి తికమకపడతారు. ఇందులో తిక్క ఏమీ లేదు. ఏ వాల్వుకి ఏ జబ్బు ఎక్కువగా వస్తుందో వైద్యులకున్న అనుభవం అలా అంకెల్లోకి దిగింది. కోడరుకి మాత్రం ఒక నియమం: డాక్టరు కారణం రాస్తే డాక్టరు మాట, రాయకపోతే పుస్తకం మాట. మూడో మాట, అంటే తన మాట, లేదు.

ఇప్పుడు ఆపరేషన్. ఛాతీ ఎముక మధ్యలో నిలువునా కోస్తారు. గుండె మీది పొర తెరుస్తారు. అయోర్టాలో ఒక గొట్టం, కుడి కర్ణికలో ఒక గొట్టం పెట్టి రక్తాన్ని హార్ట్-లంగ్ మెషీన్‌కి మళ్లిస్తారు. అయోర్టాకి క్లాంప్ వేసి, చల్లని పొటాషియం ద్రావణం ఎక్కించి గుండె ఆపుతారు. అయోర్టా కోసి, పాడైన రేకులు తీసేసి, చుట్టూ ఉన్న కాల్షియం గీకి శుభ్రం చేస్తారు. సైజర్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసి కొత్త వాల్వ్ కొలత తేలుస్తారు. చుట్టూ కుట్లు వేసి, వాల్వుని ఆ దారాల మీదుగా కిందికి దించి ముడులు వేస్తారు. అయోర్టా మూసి, లోపలి గాలి తీసి, క్లాంప్ వదిలి గుండెని మళ్లీ కొట్టనిస్తారు. తాత్కాలిక పేసింగ్ వైర్లు, ఛాతీ గొట్టాలు పెట్టి ఎముకని తీగతో బిగిస్తారు.

ఇంత పనికి సర్జన్ బిల్లులో ఒకే ఒక్క కోడ్: 33405. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో తొలిసారి అచ్చువేసిన సీపీటీ అనే కోడ్ల పుస్తకంలోది. కోయడం, గొట్టాలు, యంత్రం, పేసింగ్ వైర్లు, కుట్లు అన్నీ ఆ ఐదంకెల్లోనే. 1953లో జాన్ గిబ్బన్ తొలిసారి మనిషి మీద విజయవంతంగా నడిపిన యంత్రం సంతతి, ఆ కోడు వివరణలో "కార్డియోపల్మనరీ బైపాస్‌తో" అన్న మాటలో ఇమిడిపోయింది. 1960లో డ్వైట్ హార్కెన్ అయోర్టిక్ వాల్వ్ ఉండే చోటనే కృత్రిమ వాల్వు పెట్టి రోగిని బతికించాడు. ఆ రెండు తేదీల మధ్య దూరం ఏడేళ్లే అన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

కొత్త కోడర్లు చేసే మొదటి పని, పేజీ నిండా ఇన్ని పనులున్నాయి కదా అని ప్రతిదానికీ ఒక కోడు వెతకడం. పేసింగ్ వైర్లకి ఒకటి, ఛాతీ గొట్టానికి ఒకటి. అవన్నీ పెద్ద పనిలో భాగాలు. విడగొట్టి బిల్లు చేస్తే దాన్ని అన్‌బండ్లింగ్ అంటారు. పెద్దవయసువాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్, దాని కంప్యూటర్లు దాన్ని వెంటనే పట్టుకుంటాయి, పట్టుకోకపోతే మరీ ప్రమాదం.

ఇక మేక గుండె దగ్గరికి వద్దాం. ఆప్ నోట్‌లో ఒక వాక్యం: "అయోర్టా కోతని బొవైన్ పెరికార్డియల్ ప్యాచ్‌తో మూశాం." ఆవు గుండె పొర ముక్క పెట్టి కుట్టారని అర్థం. ఇంకో నోట్‌లో: "అయోర్టిక్ రింగు చాలా చిన్నది. కోతని నాన్‌కరోనరీ సైనస్ మీదుగా రింగు దాటించి కిందికి తీసుకెళ్లాం. ఆ చీలికలో ప్యాచ్ కుట్టి, 21 మిల్లీమీటర్ల వాల్వ్ పెట్టాం." రెండింట్లోనూ ప్యాచ్ ఉంది. రెండింట్లోనూ ఆవు పొరే. మొదటిది 33405. రెండోది 33411, వాల్వ్ కూర్చునే రింగుని పెద్దది చేసి వాల్వ్ మార్చడం. రెండోదానికి పని బరువు బాగా ఎక్కువ, డబ్బూ ఎక్కువ.

చిన్న రింగులో చిన్న వాల్వ్ కుక్కితే మనిషి ఒంటికి అది చాలదని, రోగికీ వాల్వుకీ పొంతన కుదరదని రహీమ్‌తూలా 1978లో రాశాడు. ఆ ఇబ్బంది తప్పించడానికే సర్జన్లు రింగు కోసి వెడల్పు చేస్తారు. రంధ్రం లేని సైనస్ కాబట్టి అక్కడ కోస్తే కరోనరీకి దెబ్బ తగలదు. మాస్టారి ట్రేలో ఆ మూడో సంచిని చూసినవాడికి ఈ వాక్యం చదవగానే కత్తి ఏ దారిన పోయిందో కళ్లకు కడుతుంది. చూడనివాడికి ప్యాచ్ అన్న మాట ఒక్కటే కనిపిస్తుంది. వాడు ప్యాచ్ ఉంది కదా అని 33411 వేస్తాడు, లేదా భయపడి రెండుచోట్లా 33405 వేస్తాడు. మొదటిదాంట్లో చేయని పనికి డబ్బు, రెండోదాంట్లో చేసిన పనికి నష్టం. ఆడిటర్‌గా నేను రెండు రకాల చార్టులూ చూస్తూనే ఉన్నాను. ఇద్దరూ పుస్తకం బాగా చదివినవాళ్లే. రింగు దాటారా లేదా అన్న ఒక్క ప్రశ్న అడగలేదు, అంతే.

ఇలాంటి మలుపులు ఈ కోడు చుట్టూ ఇంకా ఉన్నాయి. దాత గుండె నుంచి తీసిన వాల్వ్ అయితే 33406. లోపల చట్రం లేని కణజాల వాల్వ్ అయితే 33410. రోగి సొంత పల్మనరీ వాల్వుని తీసి అయోర్టిక్ చోట పెడితే డొనాల్డ్ రాస్ పేరు మీది ఆపరేషన్, 33413. రూటు మొత్తం తీసి వాల్వ్ ఉన్న గొట్టం వేసి కరోనరీలను మళ్లీ అతికిస్తే బెంటాల్, 33863, దాంతో పాటు 33405 వేయకూడదు. ఛాతీ ఇదివరకే ఒకసారి తెరిచి ఉండి, ఆ మొదటిది కరోనరీ బైపాస్ గానీ వాల్వ్ గానీ అయి, నెల దాటి ఉంటే 33530 జోడించాలి. "రీడూ" అన్న మాట చూసి దాన్ని పెట్టేయడం కాదు, మొదటి ఆపరేషన్ ఏదో, ఎప్పుడో వెనక పేజీల్లో వెతకాలి. బైపాస్ కూడా కలిపి చేస్తే, ఛాతీ ధమని ఎన్నిటికి, కాలి సిర ఎన్నిటికి అని విడివిడిగా లెక్కపెట్టాలి. సిరని కాలు కోసి తీస్తే దానికి వేరే కోడు లేదు, ఎండోస్కోపుతో తీస్తే ఉంది.

ఇదంతా సర్జన్ బిల్లు. ఆస్పత్రి బిల్లు వేరే. ఇళ్లవాళ్లకి ఇదే ఎక్కువ వింతగా ఉంటుంది: ఒకే ఆపరేషన్, ఒకే రోగి, బిల్లులు మాత్రం నాలుగైదు చోట్ల నుంచి వస్తాయి. సర్జన్‌ది ఒకటి, మత్తు డాక్టరుది ఒకటి, ఆస్పత్రిది ఒకటి, ఎకో చదివినాయనది ఇంకొకటి. మత్తు డాక్టరుకి 00562, దాని మీద ప్రతి పావుగంటకూ ఒక యూనిట్. అందుకే మత్తు మొదలైన నిమిషం, ముగిసిన నిమిషం రికార్డులో కచ్చితంగా ఉండాలి.

ఆస్పత్రి వైపు కోడు ఏడక్షరాలది. పంది లేదా ఆవు కణజాలంతో చేసిన వాల్వ్ పెడితే 02ఆర్‌ఎఫ్08జెడ్. ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం: సున్నా శస్త్రచికిత్స, రెండు గుండె, ఆర్ మార్పిడి, ఎఫ్ అయోర్టిక్ వాల్వ్, తర్వాతి సున్నా తెరిచి చేసింది, ఎనిమిది జంతు కణజాలం, జెడ్ అంటే ఇంకేమీ లేదు. లోహపు వాల్వ్ అయితే ఎనిమిది స్థానంలో జె. పంది వాల్వా, ఆవు పొర వాల్వా అన్నది ఈ ఏడక్షరాల కోడుకి పట్టదు, రెంటికీ ఎనిమిదే. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టేటప్పుడు ఎంతోమంది రోగులు మొదట అడిగే ప్రశ్న మాత్రం అదే. లోహపు వాల్వ్ అన్నాను కాబట్టి ఒక మాట: తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో వలియథాన్ బృందం తయారుచేసిన చిత్ర వాల్వ్ 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి పెట్టారు. దిగుమతి వాల్వు కొనలేని కుర్రవాళ్లెందరికో అది ఆసరా అయింది. లోహపు వాల్వ్ పెట్టాక రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. ఆ తర్వాత ఆ మనిషి పంటినొప్పికి వెళ్లినా చార్టులో జెడ్95.2, జెడ్79.01 వెంట వస్తాయి.

ఆస్పత్రికి మెడికేర్ ఇచ్చే డబ్బు ఆ వస్తువులు, ఈ మందులు అని లెక్కకట్టి ఇచ్చేది కాదు. 1983 నుంచి అక్కడ డీఆర్‌జీ పద్ధతి. యేల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫెట్టర్, జాన్ థాంప్సన్ తయారుచేసిన వర్గీకరణ అది. రోగి ఏ గుంపులో పడితే ఆ గుంపు డబ్బు. వాల్వ్ ఆపరేషన్లకి 216 నుంచి 221 వరకు ఆరు గుంపులు. అదే విడతలో కాథెటర్ పరీక్ష కూడా జరిగితే మొదటి మూడు, లేకపోతే చివరి మూడు. ఆ మూడింట్లో ఏది అన్నది పక్క జబ్బులు తేలుస్తాయి. కాథ్ రెండు వారాల ముందు బయట చేయించుకుని వచ్చారా, అదే ఆస్పత్రిలో చేరడానికి ముందు మూడు రోజుల్లోపా అన్నది చూడకపోతే గుంపే మారిపోతుంది. తేదీలు చదవడం ఆప్ నోట్ చదవడమంత ముఖ్యం.

పక్క జబ్బులు అన్నచోటే గొడవలన్నీ. అక్యూట్ సిస్టాలిక్ హార్ట్ ఫెయిల్యూర్ అని డాక్టరు రాస్తే పెద్ద బరువు. క్రానిక్ అని రాస్తే చిన్న బరువు. ఊరికే హార్ట్ ఫెయిల్యూర్ అంటే ఆ పెద్ద బరువు రాదు. ఎకోలో పంపింగ్ ఎంతో కనబడుతోంది, మూత్రం మందు నరం ద్వారా ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. అంతా కళ్లముందే ఉంది కదా అని కోడరు అక్యూట్ అని వేయకూడదు. వేస్తే అది రోగనిర్ధారణ అవుతుంది. ఆ అధికారం డాక్టరుది.

అలాంటప్పుడు డాక్టరుకే క్వెరీ, అంటే రాతపూర్వక ప్రశ్న, పంపుతాం. ఇదీ ఒక విద్యే. ఆపరేషన్‌కి ముందు హిమోగ్లోబిన్ 13, రెండోరోజు 7.8, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. సర్జన్ నోట్‌లో "రక్తస్రావం ఊహించినంతే" అని ఉంది. రక్తహీనత అన్న మాట ఎక్కడా లేదు. డీ62 అనే కోడు వేస్తే గుంపు మారే అవకాశం ఉంది. కోడరు ఏం రాయాలి? "డాక్టర్‌గారూ, అక్యూట్ బ్లడ్ లాస్ అనీమియా అని రాయగలరా?" అని రాస్తే అది నోట్లో మాట పెట్టడం. ఆడిట్‌లో పడితే క్లెయిమ్ నిలవదు. రాయవలసింది ఇలా: "హిమోగ్లోబిన్ 13 నుంచి 7.8కి తగ్గింది. రెండు యూనిట్ల రక్తం ఇచ్చారు. దీనికి సంబంధించి మీ వైద్య నిర్ణయం ఏదైనా ఉంటే రాయండి." కింద ఎంపికలు: తీవ్ర రక్తనష్టం వల్ల రక్తహీనత, ఊహించినదే, ప్రత్యేక జబ్బు కాదు, మరొకటి, చెప్పలేను. డబ్బు ప్రస్తావన ఎక్కడా ఉండకూడదు. అలా రాసిన క్వెరీకి సర్జన్ "చెప్పలేను" అని టిక్కు పెట్టి పంపితే మనం నోరు మూసుకుని ముందుకు పోవాలి. మాస్టారు ఈ క్వెరీలు మాతో తెల్ల కాగితం మీద చేత్తో రాయించేవారు. ఎంత అమాయకంగా రాశామనుకున్నా ఆయన ఎర్ర పెన్నుతో ఒక మాట కింద గీత గీసేవారు. ఆ మాటలో మా కోరిక బయటపడి ఉండేది.

ఇంత జాగ్రత్త దేనికి అంటే దీని వెనక చట్టం ఉంది. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో సైన్యానికి నాసిరకం సరుకు అమ్మినవాళ్లని పట్టుకోవడానికి 1863లో చేసిన ఫాల్స్ క్లెయిమ్స్ చట్టమే ఇవాళ మెడికేర్‌కి తప్పుడు బిల్లు పంపినవాళ్ల మీదా నడుస్తుంది. ప్రభుత్వానికి కలిగిన నష్టానికి మూడింతలు కక్కించవచ్చు. అబ్రహాం లింకన్ సంతకం పెట్టిన చట్టానికి మాదాపూర్‌లో రాత్రి రెండింటికి టీ తాగుతూ కూర్చున్న పిల్ల జవాబుదారీ. ఆ పిల్లకి ఈ సంగతి ఇండక్షన్‌లో ఒక స్లైడులో చెప్పి వదిలేస్తారు. పక్కనే గంటకి ఇన్ని చార్టులని టార్గెట్ పెడతారు. నూటికి తొంభై అయిదు క్వాలిటీ రావాలంటారు. ఇప్పుడు కంప్యూటరే కోడు సూచిస్తోంది, మీరు ఒప్పుకోండి చాలు అంటున్నారు. ఒప్పుకోవడానికి క్షణం, కాదనడానికి ఆప్ నోట్ మొత్తం. టార్గెట్ ఎటు తోస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

డాక్టరు డబ్బుల సంగతి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. హార్వర్డ్‌లో విలియం షియావో బృందం చేసిన లెక్కల ఆధారంగా 1992 నుంచి ప్రతి పనికీ ఒక బరువు కట్టి, ఆ బరువుని ఒక డాలరు రేటుతో గుణిస్తున్నారు. 1992లో ఆ రేటు 31 డాలర్లు. 2025లో 32 డాలర్ల 35 సెంట్లు. ముప్ఫై మూడేళ్లలో పెరిగింది అంత. అమెరికా సర్జన్లు కోడింగ్ గురించి ఎందుకంత పట్టుదలగా ఉంటారో, ఒక్కోసారి ఎందుకు చికాకుపడతారో ఇందులో కొంత ఉంది. ఆ డబ్బులోనే ఆపరేషన్‌కి ముందు రోజు, ఆ రోజు, తర్వాతి 90 రోజుల చూపులు కలిసి ఉంటాయి. రక్తం ఆగక మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్తే, కోడుకి 78 అనే మాడిఫయర్ తగిలిస్తే కొంత వస్తుంది. వార్డులోనే చూసి సరిచేస్తే మెడికేర్ ఏమీ ఇవ్వదు.

మన ఇళ్లకి ఇది ఎలా వస్తుందో చెబుతాను. మా అన్నయ్య కొడుకు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేశాడు. "బాబాయ్, మా మామయ్యగారు వచ్చి నెల కూడా కాలేదు. ఆయాసం వస్తుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. అయోర్టిక్ స్టెనోసిస్ బాగా ముదిరింది, ఆపరేషన్ చెయ్యాలి అంటున్నారు. విజిటర్స్ ఇన్సూరెన్స్ వాళ్లేమో ముందునుంచీ ఉన్న జబ్బు, మాకు సంబంధం లేదంటున్నారు. నువ్వు ఈ ఫీల్డే కదా. ఏ కోడ్ వేయిస్తే పాసవుతుందో చెప్పు" అన్నాడు. "ఒరేయ్, ఆ వాల్వు మీద సున్నం నెలలో పట్టింది కాదు. ఏ కోడు వేసినా ఎకో రిపోర్టు మారదు. వేయించబోయి నువ్వు ఇరుక్కుంటావ్" అన్నాను. వాడికి కోపం వచ్చింది, నాకు తెలుసు. తర్వాత నిదానంగా చెప్పాను. ప్రాణం మీదికొచ్చిన రోగిని డబ్బు చూడకుండా స్థిమితపరచాలని 1986 నాటి అక్కడి చట్టం చెబుతుంది, ఆ మేరకు భయపడొద్దు. లాభాపేక్ష లేని ఆస్పత్రి అయితే పేదలకు, బీమా లేనివాళ్లకు తగ్గింపు ఎలా ఇస్తారో రాతపూర్వకంగా పెట్టుకోవాలి, ఆ కాగితం అడుగు. లైను లైనుగా వివరం ఉన్న బిల్లు అడుగు. విమానం ఎక్కించవచ్చో లేదో కార్డియాలజిస్టుని అడుగు, నన్ను కాదు. మందులతో కుదుటపడ్డాక ఆయన్ని తీసుకొచ్చారు. ఇక్కడే ఆపరేషన్ అయింది. అమ్మానాన్నలని అమెరికా పంపేవాళ్లు టికెట్టుకి ముందు ఒక ఎకో చేయించండి. హైదరాబాదులో అది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక్కడ ఆపరేషన్ అయింది అన్నాను. ఇక్కడ బిల్లు సంగతి వేరు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి వాల్వ్ ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. ప్యాకేజీ పద్ధతి: ఒక రేటు, అందులోనే పరీక్షలు, మందులు, వాల్వు, భోజనం, ఇంటికి చేరే దారిఖర్చు. ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలు, ముందే అనుమతి, తర్వాత ఎకో, కుట్టు కనబడే ఫొటో. అక్కడ సర్జన్ రాసిన మాటకి డబ్బు వస్తే, ఇక్కడ ఎక్కువగా ముందు తీసుకున్న అనుమతికి, తర్వాత పెట్టిన ఫొటోకి డబ్బు వస్తుంది. మా అమెరికా పద్ధతే గొప్పదని నేను అనను. అంకెలకి అంకెలు పెట్టుకుని కొట్లాడుకునే ఆ వ్యవస్థలో రోగి ఇల్లు అమ్ముకోవడం చూస్తూనే ఉన్నాం. కానీ ఒక నష్టం మాత్రం ఇక్కడ ఉంది. ఆప్ నోట్‌ని వాక్యం వాక్యంగా చదవడం ఎవరికీ జీతం ఇచ్చే పని కాదు కాబట్టి దాన్ని అలా రాయడమూ తక్కువే. రింగు వెడల్పు చేశారా, ఎందుకు చేశారు, పదేళ్ల తర్వాత ఆ మనిషికి రెండోసారి ఛాతీ తెరిచే సర్జన్‌కి ఇది తెలియాలి. ఆయనకి అది ఏ ఫొటోలోనూ దొరకదు.

ఈ ఊళ్లో ఇన్ని వేలమంది వేరే దేశం ఆప్ నోట్లు చదివి కడుపు నింపుకుంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది గుండె లోపల ఒక్కసారి కూడా చూడలేదు. సర్టిఫికెట్ పరీక్షలో వంద ప్రశ్నలు, నాలుగు గంటలు, పుస్తకాలు తెరిచి పెట్టుకోవచ్చు. అది పాసైతే ఉద్యోగం. పాసవడం నేర్పే సెంటర్లు వీధికి నాలుగు. చదవడం నేర్పేది మాస్టారి గది ఒక్కటే అనిపించేది నాకు. పొరపాటే కావచ్చు, శిష్యుడి అభిమానం.

అందుకని కమిటీవారికి ఒక విన్నపం. మాస్టారి పేరు మీద బంగారు పతకం పెడతారని విన్నాను. పతకం బదులు నెలకోసారి ఆదివారం క్లాసు పెట్టండి. పేర్లు, వివరాలు తీసేసిన నమూనా ఆప్ నోట్లు రెండు, ఒకటి తేలికది, ఒకటి మలుపులున్నది. చేత్తో రాసే ఒక క్వెరీ. ఏదైనా వైద్య కళాశాల అనాటమీ విభాగం ఒప్పుకుంటే పిల్లల్ని గుండె చూపించడానికి తీసుకెళ్లండి. ఒప్పుకోకపోతే మటన్ కొట్టు ఎలాగూ ఉంది. ఫీజు పెట్టొద్దు, ప్లేస్‌మెంట్ మాట ఎత్తొద్దు. మొదటి ఆరు నెలలు క్లాసు నేను చెబుతాను. రాత్రి షిఫ్టువాళ్లకి వీలుగా మధ్యాహ్నం మూడింటికి పెడితే బావుంటుంది. గది అద్దె సంగతి సభ అయ్యాక, ముందు వరసలో కూర్చున్న మాస్టారి ఇంటి అమ్మగారి దగ్గర కూర్చుని మాట్లాడదాం. ఏసీ లేకపోయినా పర్వాలేదు, కిటికీలు ఉంటే చాలు.